తులం బుల్లెట్... తిరిగొచ్చేదెంత?

ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. టేబుల్ మీద గాజులా మెరిసే జెల్లీ దిమ్మ. ఒక పక్కనుంచి బుల్లెట్ దూసుకొస్తుంది. స్లోమోషన్‌లో జెల్లీ లోపల పెద్ద బుడగ లేస్తుంది. దిమ్మ మొత్తం టేబుల్ మీంచి ఎగిరి, గజగజా వణికి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఇంకో పది సెకన్లు చూసి మనం పైకి తోసేస్తాం.

నేనూ ఒకప్పుడు అలాగే చూసి వదిలేసేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ బుడగను చూడను. వీడియో చివర్లో, జెల్లీని కోసి బుల్లెట్‌ని బయటికి తీసి త్రాసు మీద పెడతారే, ఆ రెండు సెకన్ల కోసం ఆగుతాను. చాలా రీల్స్‌లో అసలు అది ఉండదు. కట్ చేసేస్తారు. కానీ అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఈ పిచ్చి నాకు మా చిన్నాయన వల్ల పట్టింది.

మాది వికారాబాద్ వైపు ఊరు. మక్క, కంది, పల్లి... ఏది వేసినా రాత్రికి అడవి పందులు దిగుతాయి. ఒక ఏడాది మరీ ఎక్కువైతే ఊరోళ్లు దరఖాస్తు పెట్టారు. అనుమతి వచ్చింది. లైసెన్సు ఉన్న షూటర్ ఒకాయన రైఫిల్‌తో వచ్చాడు. రాత్రి పదకొండింటికి ఒకటే దెబ్బ. పెద్ద మగ పంది. భుజం మీద తగిలింది. అందరూ చూశారు, టార్చి వెలుగులో రక్తమూ కనిపించింది. అయినా అది పడలేదు. మక్కచేనులోకి దూరింది. తెల్లారాక వెతకడానికి పోయినవాళ్లలో మా చిన్నాయన ముందున్నాడు. సాళ్ల మధ్యలోంచి అది ఒక్కసారిగా లేచి కొట్టింది. తొడ మీద పద్నాలుగు కుట్లు. పంది ఇంకో రోజున్నర బతికి, వాగు ఒడ్డున చచ్చిపడి కనిపించింది.

అటవీశాఖ వాళ్లతో వచ్చిన పశువుల డాక్టర్ కోసి చూసినప్పుడు ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. స్టీలు పళ్లెంలో నలిగి చిరిగిపోయిన రాగి రేకు ఒకటి, శనగపప్పు బద్దలంత సీసం ముక్కలు నాలుగైదు. అంతే.

ఆసుపత్రి మంచం మీద చిన్నాయన నన్ను అడిగింది ఒకే మాట. “గురి తప్పలే గద బిడ్డా. భుజానికే తాకింది. మరి ఎందుకు పడలే?”

ఫోరెన్సిక్ సైన్స్ చదువుతున్న పిల్లను కదా, చెప్పగలనని ఆయన అనుకున్నాడు. నాకు అప్పటికి తెలియదు. ఈ వ్యాసం ఆయనకు నేనివ్వాల్సిన జవాబు.

రామంతాపూర్ రూమూ, తులం లెక్కా

అప్పుడు నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ. రూము రామంతాపూర్‌లో. పొద్దున హబ్సిగూడ, తార్నాక మీదుగా యూనివర్సిటీకి, సాయంత్రం అదే దారిలో వెనక్కి. రామంతాపూర్ అంటే చాలామందికి దూరదర్శన్ కేంద్రం, హోమియో ఆసుపత్రి గుర్తొస్తాయి. మా క్లాసు వాళ్లకు మాత్రం అది సీఎఫ్‌ఎస్‌ఎల్. అంటే కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే ఈ ల్యాబ్‌లో విషాలు, డీఎన్‌ఏ లాంటి వాటికి ఉన్నట్టే తుపాకులకూ బుల్లెట్లకూ ఒక విభాగం ఉంది. దాన్ని బాలిస్టిక్స్ అంటారు. రోజూ ఆ దారిన పోతూ, ‘చిన్నాయన అడిగినదానికి జవాబు తెలిసినవాళ్లు ఈ గోడ అవతలే ఉన్నారు’ అనుకునేదాన్ని.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. సినిమాల్లో చేతిలో పట్టుకుని చూపిస్తూ ‘బుల్లెట్’ అంటారే, అది మొత్తం బుల్లెట్ కాదు. అది తూటా. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున దాన్ని రాజేసే చిన్న మూత, పైన కొసకు బిగించిన లోహపు ముక్క. ఆ కొసన ఉన్న ముక్క ఒక్కటే బుల్లెట్. బయటికి పోయేది అదే. మిగతాదంతా దాన్ని తోయడానికే.

బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గింజే, ధాన్యపు గింజ బరువు మీద పుట్టిన కొలత. క్లాసులో ఈ మాట విన్నప్పుడు నాకు కంసాలి గురివింద గింజలు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చి లెక్క వేస్తే మతిపోయింది. పెద్ద జంతువుల వేటకు విరివిగా వాడే ఒక రకం బుల్లెట్ బరువు 180 గ్రెయిన్లు. అంటే 11.66 గ్రాములు. మన పాత తులం ఎంత? సరిగ్గా 180 గ్రెయిన్లు! ఇప్పుడు బంగారం కొట్లో పది గ్రాములనే తులం అంటున్నాం గానీ, తాతల నాటి తులం ఇదే. తొంభై ఆరు గురివింద గింజల ఎత్తు.

కాబట్టి ఇక్కడినుంచి మనం తులం లెక్కలోనే మాట్లాడుకుందాం. రైఫిల్ గొట్టంలోంచి తులం బరువున్న లోహం సెకనుకు ఇంచుమించు 800 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ఆ వేగం తగ్గకుండా ఉంటే రామంతాపూర్ నుంచి తార్నాకకు ఐదారు సెకన్లు చాలు. ఈ తులంలో ఎంత చివరిదాకా మిగిలింది? చిన్నాయన ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

విచ్చుకునే బుల్లెట్

వేట బుల్లెట్‌లో సాధారణంగా రెండు భాగాలు. లోపల మెత్తటి సీసం, పైన రాగి తొడుగు. ముక్కు దగ్గర మాత్రం తొడుగు ఉండదు, సీసం బయటికి కనిపిస్తుంది. అందుకే దాన్ని సాఫ్ట్ నోస్ అంటారు. ఒంట్లో సగానికి పైగా నీళ్లే కదా. ఆ తడి కండను అంత వేగంతో గుద్దుకోగానే ముందున్న మెత్తటి సీసం నలిగి, తొడుగును చీల్చుకుంటూ వెనక్కి పూరేకుల్లా మడుస్తుంది. పుట్టగొడుగు ఆకారం వస్తుంది.

దీనికి మన దేశంతో పాత చుట్టరికం ఉంది. 1890ల్లో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ వాళ్లు ఇలా విచ్చుకునే సైనిక బుల్లెట్లు తయారుచేశారు. ‘డమ్‌డమ్ బుల్లెట్’ అన్న పేరు అలా వచ్చింది. అవి చేసే గాయాల మీద గొడవ లేచి, 1899లో హేగ్ సమావేశంలో యుద్ధాల్లో ఇలాంటివి వాడొద్దని ప్రకటన చేశారు. ఇప్పటికీ సైన్యాలు ఎక్కువగా పూర్తిగా తొడుగు ఉన్న బుల్లెట్లే వాడతాయి.

మరి మనుషుల మీద వద్దన్నది జంతువుల మీద ఎందుకు? నేను కూడా క్లాసులో చెయ్యెత్తి ఇదే అడిగాను. సార్ చెప్పింది ఇప్పటికీ గుర్తు. యుద్ధంలో సైనికుణ్ణి పోరాడలేకుండా చేస్తే చాలు, బతికి బయటపడితే మంచిదే. జంతువును కాల్చాల్సి వచ్చినప్పుడు గాయపరిచి వదిలేయడమే అన్నిటికంటే క్రూరం. విచ్చుకోని బుల్లెట్ సూదిలా ఇటునుంచి అటు పోతుంది. జంతువు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బాధపడి చస్తుంది. పైగా అటువైపు బయటికొచ్చిన బుల్లెట్ ఇంకెవరికైనా తగలొచ్చు.

సరే, విచ్చుకోవాలి. ఎంత? ఇక్కడే తిరకాసు.

వెడల్పా, లోతా?

7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ విచ్చుకుని రెండింతలు వెడల్పయిందనుకోండి. దాని ముందు భాగం వైశాల్యం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూసిన గొడుగుతో ఎదురుగాలిలో నడవండి, తర్వాత అదే గొడుగు తెరిచి నడవండి. బుల్లెట్‌కూ అంతే. విచ్చుకున్న కొద్దీ అడ్డు పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. అందులోనూ విచ్చుకునేటప్పుడు ముక్కలు రాలిపోతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే ముందుకు తోసుకుపోయే ఊపూ తగ్గుతుంది. దెబ్బ మీద దెబ్బ.

ఇది ఎంత ఖరీదైన పాఠమో అమెరికా పోలీసు చరిత్రలో ఒక రోజు చెబుతుంది. 1986 ఏప్రిల్ 11, మయామీ. ఇద్దరు బ్యాంకు దొంగలతో ఎఫ్‌బీఐ ఏజెంట్లకు కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక ఏజెంట్ పేల్చిన 9 ఎంఎం బుల్లెట్ ఒక దొంగ చేతిలోంచి దూరి ఛాతీలోకి వెళ్లింది. చక్కగా విచ్చుకుంది కూడా. కానీ గుండెకు సుమారు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ దొంగ ఆ గాయంతోనే కాల్పులు కొనసాగించాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చివరికి దొంగలిద్దరూ చనిపోయారు.

గురి తప్పలేదు. బుల్లెట్ విచ్చుకోవడమూ తప్పలేదు. లోతు చాల్లేదు. మా చిన్నాయన మాటే.

ఆ తర్వాత ఎఫ్‌బీఐ తన పరీక్షలను మొదటినుంచి రాసుకుంది. జెల్లీలో బుల్లెట్ కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 అంగుళాలు దాటకూడదు. ఒట్టి జెల్లీలో కాదు, మందపాటి బట్టలు, ప్లైవుడ్, కారు అద్దం, రేకు లాంటివి అడ్డం పెట్టి కూడా. ఇప్పుడు మనం చూసే రీల్స్‌లో చాలావాటికి మూలం ఈ పరీక్షే.

ఆంటీ ఫ్రిజ్‌లో జెల్లీ

జెల్లీనే ఎందుకు? కండలాగే అదీ బుల్లెట్‌కు అడ్డుపడుతుంది కాబట్టి. వియత్నాం యుద్ధంలో సర్జన్‌గా పనిచేసిన మార్టిన్ ఫాక్లర్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు 1980ల్లో దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. పది శాతం జెలటిన్, అంటే ఒక వంతు పొడి, తొమ్మిది వంతుల నీళ్లు. 4 డిగ్రీల చల్లదనం. అసలు పరీక్షకు ముందు చిన్న ఉక్కు గుండును సెకనుకు 180 మీటర్ల వేగంతో అందులోకి కొట్టాలి. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగాలి, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అలా దిగితేనే ఆ దిమ్మ పరీక్షకు పనికొస్తుంది. లేదంటే పక్కన పెట్టేయాల్సిందే.

ఇంత చాదస్తం అవసరమా అనిపించింది. నేనూ నా రూమ్మేటూ ఒక ఆదివారం ప్రయోగం మొదలుపెట్టాం. బేకరీ సామాన్ల కొట్టులో జెలటిన్ పొడి కొన్నాం. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారని తెలిసి శాకాహారి అయిన రూమ్మేట్ గిన్నె ముట్టుకోనంది. వంద గ్రాముల పొడి, తొమ్మిది వందల మిల్లీలీటర్ల నీళ్లు. గోరువెచ్చగా కరిగించి రెండు టిఫిన్ డబ్బాల్లో పోశాం. మా ఫ్రిజ్ పనిచేయదు కాబట్టి కింద ఓనర్ ఆంటీ ఫ్రిజ్. “ఏం స్వీటమ్మా ఇది?” అని ఆవిడ రెండుసార్లు మూత తీసి చూశారు.

మా తుపాకీ ఒక ఉండేలు. మా బుల్లెట్ సైకిల్ రిపేర్ షాపులో అడిగి తెచ్చిన బేరింగ్ గుండు. మేడ మీద, వెనక ఇసుక బస్తా పెట్టుకుని కొట్టాం. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన దిమ్మలో గుండు రెండు వేళ్ల మందం కూడా దిగలేదు. రెండో దిమ్మను ఏప్రిల్ ఎండలో అరగంట వదిలేసి కొట్టాం. అదే ఉండేలు, అదే గుండు, అంతే లాగుడు. దిమ్మను చీల్చుకుని డబ్బా అడుగుకు తగిలింది.

ఫాక్లర్‌ది చాదస్తం కాదని అప్పుడు అర్థమైంది. జెల్లీ కాస్త వెచ్చబడితే చాలు, ఏ బుల్లెట్టయినా గొప్పగా లోతు దిగినట్టు చూపించొచ్చు. రీల్స్‌లో కనిపించే గాజులాంటి దిమ్మలు చాలావరకు అసలు జెలటిన్ కూడా కాదు, నూనె ఆధారంగా చేసిన కృత్రిమ పదార్థం. చూడ్డానికి బాగుంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కానీ అందులో వచ్చిన అంకెను జెలటిన్ అంకెతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక మనం నోరు తెరిచి చూసే ఆ పెద్ద బుడగ సంగతి. దాన్ని తాత్కాలిక కుహరం అంటారు. బుల్లెట్ వేగానికి కండ పక్కలకు సాగి, మళ్లీ రబ్బరులా దగ్గరికొస్తుంది. కండ, ఊపిరితిత్తులు ఆ సాగుడును చాలావరకు తట్టుకుంటాయి. కాలేయం, మెదడు లాంటివి అంత తట్టుకోలేవు. బుడగ సర్దుకున్నాక మిగిలే సన్నటి దారి ఉందే, అది శాశ్వతం. అది ఎంత వెడల్పుంది, ఎంత దూరం పోయింది అన్నదే ఎక్కువగా లెక్క. రీల్‌లో వైరల్ అయ్యేది బుడగ. ల్యాబ్‌లో కొలిచేది దారి.

బూరె కాదు, బొబ్బట్టు

ఇప్పుడు అసలు కథలోకి.

పూర్ణం బూరెను గట్టిగా గోడకేసి కొట్టారనుకోండి. పై తొక్క పగిలి ఒక పక్క, పూర్ణం ముద్దలు ఇంకో పక్క పడతాయి. ఎందుకంటే పిండి తొక్క పూర్ణాన్ని చుట్టి ఉందే తప్ప దానికి అతుక్కుని లేదు. మామూలు సాఫ్ట్ నోస్ బుల్లెట్ ఇలాంటిదే. రాగి తొడుగులోకి సీసాన్ని నొక్కి బిగిస్తారు. మెత్తటి చోట తగిలితే ఫర్వాలేదు. ఎముకకో, మందమైన తోలుకో ఎక్కువ వేగంతో తగిలితే తొడుగు చిరిగి విడిపోతుంది, సీసం పొడిపొడి అవుతుంది. తులం బుల్లెట్ కాస్తా గురివింద గింజల కింద చెదిరిపోతుంది. ఒక్కొక్క ముక్కకూ లోతు దిగే సత్తా ఉండదు.

ఈ చేదు అనుభవం 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడికి ఎదురైంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ దుప్పిని కొడితే బుల్లెట్లు పైపైనే చెదిరిపోయాయి. ఆయన ఇంటికెళ్లి బుల్లెట్ మధ్యలో రాగితోనే ఒక అడ్డుగోడ పెట్టాడు. ముందు గది విచ్చుకుంటుంది, వెనక గది చెక్కుచెదరకుండా తోస్తుంది. 1948లో దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఇప్పటికీ అమ్ముతున్నారు.

1960ల్లో బిల్ స్టైగర్స్ అనే ఇంకొకాయన వేరే దారి పట్టాడు. అడ్డుగోడ ఎందుకు, సీసాన్ని రాగికి అతికించేస్తే పోలా? అదే బాండెడ్ బుల్లెట్. అంటే బూరెను బొబ్బట్టు చేయడం. బొబ్బట్టును తుంచితే పూర్ణం, పిండి కలిసే వస్తాయి కదా, అలా.

వినడానికి తేలిక. కానీ సీసం రాగికి ఊరికే అతుక్కోదు. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లను చూసే ఉంటారు, కనీసం మీ అమ్మమ్మ చెప్పి ఉంటుంది. ముందు గిన్నెను తళతళలాడేలా తోముతారు. వేడిచేసి నవాసారం చల్లుతారు. గుప్పుమని తెల్లటి పొగ. అది లోహం మీది తుప్పు పొరను తీసేస్తుంది. అప్పుడే తగరం గిన్నెకు పట్టుకుంటుంది. తోమడంలో లోపముంటే కళాయి పెచ్చులూడుతుంది. బాండెడ్ బుల్లెట్ తయారీలో ఒక పద్ధతి అచ్చం ఇదే సూత్రం. తొడుగు లోపల శుభ్రం చేసి, తుప్పును తీసే రసాయనం వేసి, సీసాన్ని కరిగేదాకా వేడిచేసి అతికిస్తారు. ఇంకో పద్ధతిలో సీసం మీదే రాగిని విద్యుత్తుతో పూతలా పెంచుతారు.

అతుకు గట్టిగా ఉందో లేదో పైకి కనిపించదు. కాల్చి చూడాల్సిందే. పరీక్షలో మూడు అంకెలు రాసుకుంటారు. ఒకటి, ఎంత లోతు దిగింది. రెండు, ఎంత వెడల్పు విచ్చుకుంది. మూడు, బయటికి తీసి కడిగి తూస్తే ఎంత బరువు మిగిలింది. మామూలు సాఫ్ట్ నోస్ గట్టి దెబ్బకు సగం బరువు పోగొట్టుకోవడం వింతేం కాదు. బాండెడ్ బుల్లెట్‌లో సాధారణంగా 60 నుంచి 90 శాతం దాకా మిగులుతుంది. తులంలో ఏడు గ్రాములు మిగిలిందా, పదిన్నర మిగిలిందా అన్నది దాని తయారీని బట్టి, తగిలిన వేగాన్ని బట్టి ఉంటుంది.

వేగం మాట గట్టిగా పట్టుకోండి. దగ్గర్లో కొడితే వేగం ఎక్కువ, చెదిరిపోయే ప్రమాదం. దూరంలో వేగం తక్కువ, అసలు విచ్చుకోకపోయే ప్రమాదం. మంచి బుల్లెట్ అంటే ఒక దూరంలో అద్భుతం చేసేది కాదు. దగ్గరైనా దూరమైనా ఇంచుమించు ఒకేలా ప్రవర్తించేది. అందుకే ఒకే షాట్‌తో తీసిన రీల్ ఏమీ నిరూపించదు. వేర్వేరు వేగాలతో, మళ్లీ మళ్లీ కొట్టి చూస్తేనే నిజం.

చిరిగిన రేకు చెప్పే సాక్ష్యం

ఈ అతుకు సంగతి వేటగాళ్లకే కాదు, ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకూ ముఖ్యమే. అదెలాగో చెబుతాను.

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. బుల్లెట్ వాటిని ఒరుసుకుంటూ, బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. ఆ ఒరుపుకు దాని ఒంటి మీద సన్నటి గీతలు పడతాయి. దొరికిన బుల్లెట్ మీద గీతలనూ, అనుమానం ఉన్న తుపాకీతో ల్యాబ్‌లో కాల్చిన బుల్లెట్ మీద గీతలనూ పోలిక మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ ల్యాబ్ బుల్లెట్‌ను పాడవకుండా పట్టుకోవడానికి పొడవాటి నీళ్ల తొట్టిలోకో, దూది నింపిన పెట్టెలోకో కాలుస్తారు. పూర్తి తొడుగున్న బుల్లెట్ నీళ్లలో మెల్లగా ఆగి, దాదాపు కొత్తదానిలా బయటికొస్తుంది. సాఫ్ట్ నోస్ మాత్రం నీళ్లనే కండ అనుకుని అక్కడే విచ్చుకుంటుంది.

గీతలు పడేది తొడుగు మీద. లోపలి సీసం మీద కాదు. కాబట్టి తొడుగు విడిపోయే బుల్లెట్ అయితే, దొరికిన సీసం ముద్దను ఎంత చూసినా తుపాకీ జాడ చెప్పదు. చిరిగిన ఆ చిన్న రాగి రేకు దొరకాలి. దాన్నేమో చూసేవాళ్లు చెత్త అనుకుని పారేస్తారు. దొంగవేట కేసులో జింక కళేబరం దొరికినప్పుడు ఎక్స్‌రే తీసి ముక్కల కోసం ఎందుకు వెతకాలో ఇప్పుడర్థమైందా? బాండెడ్ బుల్లెట్‌లో తొడుగు సీసాన్ని వదలదు కాబట్టి విచ్చుకున్నా అడుగు భాగం మీది గీతలు చాలాసార్లు మిగిలే ఉంటాయి. కలిసి ఉన్న బుల్లెట్ తన పుట్టిల్లు చెబుతుంది.

రాలిపోయిన సీసానికి ఇంకో కథ ఉంది. పొడిలా చెదిరిన సీసం మాంసంలో, వదిలేసిన పేగుల్లో ఉండిపోతుంది. దాన్ని తిన్న పక్షుల ఒంట్లోకి విషంగా ఎక్కుతుంది. అమెరికాలో కాండర్ అనే పెద్ద రాబందులు ఇలా చనిపోతుండటంతో కాలిఫోర్నియా రాష్ట్రం 2019 నుంచి వేటలో సీసం బుల్లెట్లే వద్దంది. అందుకే ఇప్పుడు అసలు సీసమే లేకుండా పూర్తి రాగితో చేసిన బుల్లెట్లూ వచ్చాయి. వాటిలో అతికించాల్సిందే ఉండదు, బరువు దాదాపు పూర్తిగా మిగులుతుంది.

జెల్లీ చెప్పనిది

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. జెల్లీలో ఎముక లేదు, తోలు లేదు. పంది అసలే లేదు. ఎదిగిన మగ అడవి పందికి భుజాల మీద మందమైన గట్టి పొర ఉంటుంది. ఒకదానితో ఒకటి కొట్లాడుకునేటప్పుడు కోరల నుంచి కాపాడే డాలు అది. దాని వెనకే భుజం ఎముక. ఒట్టి జెల్లీలో పద్ధతిగా విచ్చుకున్న బుల్లెట్ ఈ డాలును గుద్దుకోగానే చెదిరిపోవచ్చు. అందుకే పట్టుదలగా పరీక్షించేవాళ్లు జెల్లీ ముందు తోలు, ఎముక పెట్టి కూడా కొడతారు. ఎంత మంచి బుల్లెట్టయినా తప్పు చోట తగిలితే వృథా అన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నేరం. మనుషులకో పంటలకో ముప్పుగా మారినప్పుడు 11వ సెక్షన్ కింద అధికారులు రాతపూర్వకంగా అనుమతిస్తేనే, అదీ వాళ్లు చెప్పినవాళ్లే కాల్చాలి. అనుమతి కాగితంలో ఎవరు, ఎక్కడ, ఏ జంతువు అని అడుగుతాం. ఏ బుల్లెట్ అని కూడా అడగాలని నా మనవి. చట్టం ప్రకారం జరిగే పనే అయినా, అది ఒక ప్రాణం తీసే పని. ఒక్క దెబ్బతో, బాధ లేకుండా ముగియాలి. వెతకడానికి వెళ్లే రైతు క్షేమంగా ఇంటికి రావాలి. ఆ రెండూ బుల్లెట్ చివరిదాకా ఒక్కటిగా ఉండటం మీద ఆధారపడ్డాయి.

పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు చిన్నాయన పక్కన అరుగు మీద కూర్చుని ఫోన్లో ఆ పాత ఫొటో తీశాను. చిరిగిన రేకు, సీసం ముక్కలు. పక్కనే ఇంకో ఫొటో పెట్టాను. పుట్టగొడుగులా విచ్చుకుని ఒకే ముక్కగా ఉన్న బాండెడ్ బుల్లెట్.

“రెండూ తులమే చిన్నాయనా. ఇది భుజం కాడనే పగిలిపోయింది. లోపలికి పోయింది ముక్కలే. గుండెదాకా ఏదీ పోలే.”

ఆయన ఫోన్‌ను కళ్ల దగ్గరికి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. తర్వాత తొడ మీది మచ్చను ఒకసారి తడుముకున్నాడు.

“అయితే గురి ఆ పిలగానిది మంచిదే,” అన్నాడు. “పాపం, రెండేండ్ల సంది ఆయన్నే తిట్టుకుంటున్న.”

కాసేపాగి మళ్లీ అన్నాడు. “ఆ జీవి గూడ రోజున్నర గోసపడ్డది బిడ్డా. గది జెప్పలే నువ్వు.”

అవును. త్రాసు మీద తక్కువ పడిన ఆ నాలుగైదు గ్రాముల అర్థం అదే.